సగాలాయన కాగితాలు, అత్తయ్య ఊలు ఉండలు

మా బావను వీధిలో అందరూ సగాలాయన అంటారు. ఎదురుగా అనరు. అయినా ఆయనకు తెలుసు, ఆయనకు తెలుసని వాళ్ళకూ తెలుసు.

బట్టలు ఉతికి ఆరబెట్టి ఇచ్చే షాపు ఆయనది. ఉతుకు అక్క చూస్తుంది. డ్రయ్యర్ల దగ్గర, చుట్టే బల్ల దగ్గర నేనుంటాను. మా షాపులో బట్టలు మడవము, చాపల్లా చుడతాము. చుడితే ఇస్త్రీ అక్కర్లేదు, కవరు చిన్నది సరిపోతుంది. అది బావ కనిపెట్టిన పొదుపు.

ఇంకో పొదుపు సెంటు కాగితాలది. డ్రయ్యర్లో తడిబట్టలతో పాటు పల్చటి కాగితం ఒకటి వేస్తారు. అరచేతికంటే కాస్త పెద్దది, ముట్టుకుంటే జిడ్డుగా ఉంటుంది. అది వేస్తే బట్టలు మెత్తగా వస్తాయి, ఒకదానికొకటి అతుక్కోవు, ఏవో పూల వాసన కూడా వేస్తుంది. విడతకొక కాగితం వెయ్యాలని డబ్బా మీద రాసి ఉంటుంది. బావ దాన్ని కత్తెరతో సగం చేసేవాడు. ధర పెరిగాక ఆ సగాన్ని మళ్ళీ సగం చేశాడు. పొద్దున్నే గల్లాపెట్టె వెనక కూర్చుని, నాలుక కొంచెం బయటపెట్టి, గీత గీసినట్టు కత్తిరించేవాడు. ఆ పేరు అలా వచ్చింది.

కత్తిరించి ఊరుకుంటే ఎవరికీ బాధ లేదు. కానీ ఎక్కువ కొంటే ధర తగ్గుతుందని ఆ కాగితాలమ్మే ఏజెంటు చెప్పాడు. తగ్గుతుందంటే బావ ఆగలేడు. పెట్టెలకు పెట్టెలు దింపించాడు. షాపు వెనక గది ఉంది, వీధి వైపు కిటికీ ఉన్న గది. అది నేల నుంచి కప్పు దాకా అట్టపెట్టెలతో నిండిపోయింది. కిటికీ రెక్క తియ్యడానికి చోటు లేదు. పూల వాసన మాత్రం తలుపు సందులోంచి వచ్చి తలనొప్పి పుట్టించేది.

అక్క కన్ను ఆ గది మీదే.

అత్తయ్య కోసం. అత్తయ్య అంటే బావ వాళ్ళమ్మ. మేమంతా ఉండేది షాపు మీద మూడో అంతస్తులో. మెట్లు ఇరుకు, నిటారు. మోకాళ్ళు పట్టేసిన దగ్గర్నుంచి అత్తయ్య కిందికి దిగలేదు. నలుగురితో మాట్లాడకపోతే ముద్ద దిగని మనిషి. పై కిటికీలోంచి వంగి వీధితో మాట్లాడేది. ఆమె అడిగింది కింద వాళ్ళకు సరిగ్గా వినపడదు, వాళ్ళు చెప్పింది ఆమెకు సగమే వినపడుతుంది. మిగతా సగం ఆమె కల్పించుకునేది. సాయంత్రం మేము పైకి వెళ్ళేసరికి ఆ కల్పించుకున్న వార్తలన్నీ మాకు చెప్పేది. వాటిలో చాలామందికి పెళ్ళిళ్ళయ్యేవి, ఇద్దరు ముగ్గురు పోయేవారు కూడా. పోయినవాళ్ళు మర్నాడు బట్టలు తీసుకోవడానికి షాపుకు వచ్చేవారు.

"ఏవండీ, ఆ గది ఖాళీ చేస్తే అత్తయ్య కిందే ఉంటుంది కదా" అని అక్క అనేది.

"పెట్టెలు నీ నెత్తిన పెట్టుకుంటావా?"

"కొనడం మానెయ్యండి."

"మానేస్తే బట్టలు మెత్తగా ఎట్లా వస్తాయే? అట్టముక్కల్లా ఇస్తే ఎవడొస్తాడు మన దగ్గరికి?"

అక్కడితో మాట ఆగిపోయేది. బావకు తల్లంటే ప్రేమ లేక కాదు. రోజూ మధ్యాహ్నం తనే పళ్ళెం పట్టుకుని మూడంతస్తులూ ఎక్కేవాడు. ఆయాసపడుతూ దిగేవాడు. కానీ పెట్టెల లెక్క పెట్టెలదే.

సెలూన్ ఆయన అని ఒకడున్నాడు. గడ్డాలు గీసేటప్పుడు వాడే తువ్వాళ్ళన్నీ మా దగ్గరే వేస్తాడు. ఒకరోజు తువ్వాళ్ళ కట్ట బల్ల మీద పడేసి, "ఏవయ్యా, నువ్వు ఆరబెట్టిన తువ్వాలు నీళ్ళు తాగట్లేదు. అటు నీళ్ళు ఇటు, ఇటు నీళ్ళు అటు తోస్తోంది. గడ్డం గీయించుకున్నవాడు తడి మొహంతోనే ఇంటికి పోతున్నాడు" అన్నాడు.

"కాగితం తక్కువైనట్టుంది. ఈసారి సగం వేస్తాలే" అన్నాడు బావ.

నేను డ్రయ్యర్లో పీచు పట్టే జల్లెడకు ఆ కాగితం జిడ్డు పేరుకుపోవడం రోజూ చూస్తున్నాను. జల్లెడకు పట్టింది తువ్వాలుకు పట్టకుండా ఉంటుందా? సాయంత్రం ఆ జల్లెడ తీసుకెళ్ళి అక్కకు చూపించాను. దాని మీద నీళ్ళు పోస్తే నిలిచాయి, కిందికి జారలేదు. అక్క చాలాసేపు చూసింది. తర్వాత అత్తయ్య దగ్గరికి తీసుకెళ్ళింది.

అత్తయ్య వేలితో గీరి వాసన చూసింది. "మైనం పూసినట్టుంది. బట్టలు మెత్తబడాలంటే మైనం దేనికమ్మాయ్? తడి గుడ్డలు ఒకదానికొకటి చుట్టుకుని ముద్దవుతాయి, అందుకే బిరుసెక్కుతాయి. మధ్యలో దూరి కొట్టేది ఏదన్నా ఉంటే విడివిడిగా ఎగురుతాయి. దుప్పటి దులిపితే మెత్తబడదూ? అంతే."

"ఏం వెయ్యమంటారు అత్తయ్యా? రాళ్ళా?"

"మీ ఆయన్ను వెయ్యి. కుదురుతుంది." కాసేపు నవ్వి, మంచం కింద పెట్టె చూపించింది. "ఊలు ఉండలు వెయ్యండి. మెత్తగా ఉంటాయి, బరువుంటాయి, తడీ పీలుస్తాయి."

అత్తయ్య వయసులో ఉన్నప్పుడు ఊలు అల్లేది. పెట్టె నిండా స్వెట్టర్లే. అయినా అక్క వాటిని ముట్టుకోలేదు, మనసొప్పలేదు. బజారులో కొన్న బావ స్వెట్టరు ఒకటి, ముదురాకుపచ్చది, పాతబడింది. దాన్ని విప్పి, ఉండలు చుట్టి, మర్నాడు డ్రయ్యర్లో వేసింది.

కాసేపటికి డ్రయ్యర్ మూలిగినట్టయింది. ఆపి తలుపు తీశాను. లోపల చొక్కాలు, ప్యాంట్లు, మేజోళ్ళు అన్నీ ఆకుపచ్చ దారంతో ఒకే మూటగా అల్లుకుపోయి ఉన్నాయి. ఒక చొక్కా చెయ్యి బయటికి వచ్చి రక్షించమన్నట్టు వేలాడుతోంది.

బావ చూసి గోడకు ఆనుకుని నవ్వాడు. నవ్వి నవ్వి కింద కూర్చున్నాడు. "ఇంకో విడత తిప్పండే. చొక్కా, ప్యాంటూ కలిపి ఒకే బట్టగా అల్లి ఇద్దాం. తొడుక్కునేవాడికి సగం పని తగ్గుతుంది."

అక్క ముఖం ఎర్రబడింది. దారం తెంపుతూ, తల ఎత్తకుండానే అంది: "పందెం కడతారా?"

"దేనికి?"

"గదికి."

బావ నవ్వు ఆపాడు. పందెమంటే ఆయనకు సెంటు కాగితం కంటే ఇష్టం. "వచ్చేనెల ఏజెంటు ఆర్డరు కోసం వచ్చేదాకా ఎవరి బట్టలకూ కాగితం వెయ్యం. ఈలోగా ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరొచ్చి బట్టలు బాగాలేవన్నారా, గది పెట్టెలదే. మళ్ళీ ఆ ఊసెత్తకూడదు."

"ఎవరూ అనకపోతే?"

"గది అమ్మది. కానీ నా బట్టలకు మాత్రం కాగితమే వెయ్యాలి. నా వొంటి మీద మీ ప్రయోగాలొద్దు."

"అట్లాగే" అంది అక్క. మరీ వెంటనే అంది. నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు.

ఆ సాయంత్రం ఆకుపచ్చ దారం ముక్క చూసి అత్తయ్య తల కొట్టుకుంది. "ఇది నైలానమ్మాయ్, ఊలు కాదు. ఎంత ఉడికించినా పట్టుకోదు. అసలు ఊలైతే వేడినీళ్ళు తగిలితే బిగుసుకుని రాయిలా అవుతుంది. ఆ పెట్టె తియ్యి." పెట్టెలో అన్నిటికంటే పైన గోధుమరంగు స్వెట్టరు ఉంది, పెద్దది. "ఇది మీ ఆయనకు పెళ్ళికి ముందు అల్లాను. గుచ్చుకుంటుందని ఒక్కసారి కూడా తొడుక్కోలేదు వెధవ. విప్పెయ్యి."

"ఎందుకత్తయ్యా, వేరేది చూద్దాం."

"పెట్టెలో ఉండి ఏం చేస్తోంది? చిమటలకు పెడుతున్నానా? విప్పు."

అక్క విప్పింది, అత్తయ్య చుట్టింది. గట్టిగా చుట్టి, దారం కొసను సూదితో లోపలికి దూర్చింది. ఉండలన్నీ అక్క పాత మేజోడులోకి దింపి, ఒక్కో ఉండ మధ్య ముడి వేసింది. అది గింజలున్న చిక్కుడుకాయలా తయారైంది. పెద్ద గిన్నెలో మరిగించారు, చల్లార్చారు, మళ్ళీ మరిగించారు. ఇల్లంతా తడిసిన గొర్రె వాసన. బావ ముక్కు మూసుకుని వచ్చి, "ఏం వండుతున్నారు?" అని అడిగితే, "నీ స్వెట్టరు" అంది అత్తయ్య. ఆయన వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు. వాటిని డ్రయ్యర్లో ఆరబెట్టి మేజోడు కత్తిరిస్తే దారం పోగు కనపడలేదు. ఒక్కోటి నున్నగా, గట్టిగా, కొస జాడ లేకుండా దొర్లింది.

ఈసారి డ్రయ్యర్ మూలగలేదు. డబ్, డబ్, డబ్, డబ్ అని మెల్లగా దరువు వేసింది. తువ్వాళ్ళు ఎప్పటికంటే ముందే ఆరాయి. చెంపకు ఆనించి చూశాను. పూల వాసన లేదు. తువ్వాలు తువ్వాలులా ఉంది.

ఒక్కటే ఇబ్బంది వచ్చింది. ఎక్కువసేపు తిప్పితే నైలాను బట్టలు చిటపటమంటూ పట్టుకున్నవాడికి చురుక్కుమనిపించేవి. నాకు తగిలితే నోరెత్తలేదు. బావకు తగిలితే వీధికంతా వినపడింది. "చూశారా, చూశారా! కరెంటు కొడుతోంది!" అత్తయ్య పై నుంచి అరిచింది: "పూర్తిగా ఎండనివ్వకండిరా! కాస్త చెమ్మ ఉండగానే తియ్యండి! ఒక ఉండకు పిన్నీసు గుచ్చండి, ఆ ఇనుము కరెంటును లాగేసుకుంటుంది!" చెప్పినట్టే చేశాం. చిటపట తగ్గింది. పిన్నీసు ఉన్న ఆ ఉండకు అక్క పెద్దన్న అని పేరు పెట్టింది.

అంతా బాగుందనుకుంటుండగా ఉండలు మాయమవడం మొదలైంది.

డ్రయ్యర్లో వేసినన్ని బయటికి రావడం లేదు. ఈరోజు ఒకటి, ఆ మర్నాడు ఇంకొకటి. యంత్రం వెనక వెతికాను, బల్ల కింద వెతికాను, జల్లెడ గూడులో చెయ్యి పెట్టి చూశాను. లేవు. అత్తయ్య ఇంకో స్వెట్టరు విప్పింది. అవీ తగ్గుతూ వచ్చాయి. చివరికి పెద్దన్న కూడా కనపడకుండా పోయాడు.

అక్కకు అనుమానం ఒక్కరి మీదే. బావ నిద్రపోతుంటే చొక్కా జేబులు తడిమింది. గల్లాపెట్టె లాగి చూసింది. చివరికి మొహం మీదే అడిగేసింది.

"ఉండలు ఎక్కడ దాచారు?"

"ఏమిటీ? నేనా?"

"పందెం ఓడిపోతానని భయం పట్టుకుంది మీకు."

"నేను సగాలాయన్నే కానీ సగం దొంగను కూడా కాదే! కావాలంటే నీ తమ్ముణ్ణడుగు. ఆ నోరు తెరవనివాడే ఏదో ఒకటి చేస్తుంటాడు."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను దుప్పటి చుడుతున్నాను. చుట్టడం ఆపకుండా తల అడ్డంగా ఊపాను.

ఏజెంటు వచ్చేరోజు వచ్చింది. పొద్దున్నే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, పొడుగాటి మనిషి, మెరిసే బూట్లు. "ఎన్ని పెట్టెలు రాసుకోమంటారు?" అన్నాడు.

"కాస్త ఆగవయ్యా, సాయంత్రం దాకా టైముంది" అన్నాడు బావ. ఆయన కళ్ళు గుమ్మం మీదున్నాయి. నెల రోజులుగా ఎవరైనా ఒక్క మాట అంటారేమోనని చూస్తూనే ఉన్నాడు. అక్క ఉతికే తొట్టి దగ్గర నిలబడిందే కానీ చేతులు కదలడం లేదు. పై కిటికీ రెక్క తెరిచే ఉంది. అత్తయ్య పొద్దుట్నుంచీ ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండడం అంతకుముందు నేను చూడలేదు.

అప్పుడు సెలూన్ ఆయన వచ్చాడు. మొహం గంభీరంగా పెట్టుకున్నాడు. చేతిలో ఏదో మూట.

"ఆ తువ్వాళ్ళ గురించి ఒక మాట చెప్పాలయ్యా."

బావ ఎగిరి లేచాడు. "చెప్పు! గట్టిగా చెప్పు! అందరికీ వినపడాలి!"

సెలూన్ ఆయన మూట విప్పాడు. లోపల మా ఊలు ఉండ ఉంది. "ఇది మా తువ్వాలు చుట్టలోంచి దొర్లింది. గడ్డానికి నురుగు పెట్టుకున్న ఆయన ఒళ్ళో పడింది, ఎలుకనుకుని కుర్చీ మీదకెక్కాడు. ఇదేమిటో నాకు తెలీదు. కానీ తువ్వాలు నీళ్ళు తాగుతోందయ్యా! దాహంతో ఉన్నట్టు తాగుతోంది. ఏం చేశారో మానకండి, అది చెప్పిపోదామని వచ్చాను."

నా చేతిలో సగం చుట్టిన దుప్పటి ఉంది. దాని మూల తడిమి చూశాను. అంచుకు సాగే పట్టీ వేసి కుట్టిన దుప్పటి, మూలలు సంచుల్లా ఉంటాయి. గట్టిగా తగిలింది. మూల తిరగేస్తే ఉండ నా కాళ్ళ మీద పడింది. మడిచే షాపులో అయితే చదును చేసేటప్పుడే బయటపడేది. మేము చుడతాం కదా. ఇన్నాళ్ళూ నా చేత్తోనే ఒక్కొక్కటీ చుట్టి, కట్టి, జాగ్రత్తగా కవరులో పెట్టి ఊరందరికీ పంచాను.

"అక్కా" అన్నాను. "చుట్టల్లో పోతున్నాయి."

అక్క చూసింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అంతలో టీచరమ్మ వచ్చింది. బడిలో చిన్నపిల్లలకు చెప్పే ఆవిడ. చంకలో పాప, పాప రెండు చేతుల్లో ఊలు ఉండ. "దిండు గలేబులో వచ్చిందండీ. తిరిగిద్దామంటే ఇది వదలట్లేదు. ఉంచుకుంటే ఏమన్నా అనుకుంటారా?"

"దుప్పట్లు ఎలా ఉన్నాయి?" అన్నాడు బావ, ఆశ చావక.

"బాగున్నాయండీ. ఆ సెంటు వాసనకు ఇది తెగ తుమ్మేది. ఇప్పుడు హాయిగా నిద్రపోతోంది."

బావ కూర్చోబోయి మళ్ళీ లేచాడు. ఓడిపోవడం ఆయనకు చేతకాదు. "ఉండండి. అందరూ ఇక్కడే ఉండండి" అని మూడంతస్తులూ ఎక్కి, తన తువ్వాలు చుట్ట పట్టుకుని దిగాడు. రొప్పుతున్నాడు. "వీళ్ళకు పోల్చి చూడ్డం తెలీక బాగుందంటున్నారు. ఏజెంటుగారూ, మీరే చెప్పండి. ఇది నా తువ్వాలు. కాగితం వేసి ఆరబెట్టింది. మొహం తుడుచుకుంటే వెన్నలా ఉంటుంది. అసలు మెత్తదనమంటే ఇదీ!"

జెండా విప్పినట్టు చుట్ట విదిల్చాడు.

తువ్వాలు గాల్లో తెరుచుకుంది. అందులోంచి గోధుమరంగు ఉండ ఒకటి ఎగిరి, నేల మీద పడి, దొర్లుకుంటూ వెళ్ళి ఏజెంటు బూటుకు తగిలి ఆగింది. పిన్నీసు తళుక్కుమంది.

"పెద్దన్న!" అని అరిచింది అక్క.

 లోపల డ్రయ్యర్ డబ్, డబ్ అంటోంది. పై నుంచి అత్తయ్య గొంతు వచ్చింది. "ఏరా, ఆ అరుపేమిటి? ఏం పడింది?"

బావ ఉండ వైపు చూశాడు. తువ్వాలు చెంపకు ఆనించుకున్నాడు. తీశాడు. మళ్ళీ ఆనించుకున్నాడు. అక్క వైపు తిరిగి, "నా బట్టలకు కూడానా?" అన్నాడు.

"మొదటి రోజు నుంచీ" అంది అక్క. "వెన్నలా ఉందన్నారు కదా?"

బావ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. కోపమనుకున్నాను. కాదు, నవ్వు. ఈసారి గోడకు కూడా ఆనుకోలేదు, నేరుగా నేల మీద కూర్చుండిపోయాడు. సెలూన్ ఆయన మొదలుపెట్టాడు, టీచరమ్మ మొదలుపెట్టింది, ఎందుకో తెలియకుండానే పాప కూడా మొదలుపెట్టింది.

"నీ స్వెట్టరు పడిందే అమ్మా!" అని బావ పైకి అరిచాడు. "గుచ్చుకోవడం మానేసింది!"

"అయితే నేను దిగొచ్చా?"

బావ కళ్ళు తుడుచుకుని, పాత అలవాటు చొప్పున అన్నాడు: "సగం గది ఇస్తాలే. పెట్టెలన్నీ ఒక పక్కకు జరిపితే..."

"నేనేమన్నా నీ సెంటు కాగితాన్నట్రా, సగానికి కత్తిరించి పడుకోబెట్టడానికి?"

వీధి వీధంతా విన్నది. ఆ ఒక్క మాట మాత్రం ఎవరూ కల్పించుకోవాల్సిన పని లేకుండా మొత్తం వినపడింది.

ఏజెంటు తన బూటు దగ్గరి ఉండను తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. వ్యాపారం తెలిసినవాడు, ఎక్కువ వాదించలేదు. "తెరవని పెట్టెలు వెనక్కి తీసుకుంటాను. కానీ ధర సగమే ఇవ్వగలను" అన్నాడు. సగమన్న మాటకు సెలూన్ ఆయనకు మళ్ళీ నవ్వు తన్నుకొచ్చింది, బయటికెళ్ళి నవ్వుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే పెట్టెలు మోశాం. చివరి వరస తీసేసరికి కిటికీ కనపడింది. అక్క రెక్కలు తోస్తే ముందు కదల్లేదు, తర్వాత ఒక్కసారిగా తెరుచుకున్నాయి. వీధి చప్పుడు లోపలికి వచ్చింది. అక్క నేల కడిగి, గోడలు తుడిచి, ఉన్నవాటిలో మెత్తటి దుప్పటి తెచ్చి పరిచింది. అత్తయ్యను కుర్చీలో కూర్చోబెట్టి, ముందు బావ, వెనక నేను పట్టుకుని దింపాం. ఆమె ఒళ్ళో స్వెట్టర్ల పెట్టె. మెట్టు మెట్టుకూ మమ్మల్ని తిడుతూనే దిగింది. మొదటి అంతస్తు దగ్గర బావ కుర్చీ దింపి ఊపిరి పీల్చుకుంటే, "ఏరా, సగం దింపి వదిలేస్తావా?" అంది.

దిగిన గంటకు ఆమె కిటికీ దగ్గర జనం చేరారు. తాను చంపేసిన ఇద్దరు ముగ్గురూ బతికే ఉన్నారని స్వయంగా చూసుకుని చాలా సంతోషించింది.

ఇప్పుడు చుట్టేముందు మూలలన్నీ తడిమి చూస్తున్నాను. అయినా అప్పుడప్పుడూ ఒకటి పోతుంది. కొన్నిసార్లు నేను చూసీ చూడనట్టు చుట్టేస్తాను. చంటిపిల్లలున్న ఇళ్ళవైతే.

పోయినవాటి బదులు కొత్తవి కావాలి కదా. నిన్న సాయంత్రం ఏజెంటు ఇటుగా పోతూ ఆగాడు. గల్లాపెట్టె దగ్గర ఎవరూ లేరు, కత్తెర కొక్కేనికి వేలాడుతోంది. వెనక గదిలోకి తొంగి చూశాడు. బావ తల్లి ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. రెండు చేతులూ ముందుకు చాపి ఉన్నాయి, వాటికి ఊలు దారం చుట్టి ఉంది. అత్తయ్య దాన్ని ఉండగా చుట్టుకుంటోంది. ఆయన ముక్కు మీద ఈగ వాలింది. తోలుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"ఏమండీ, వ్యాపారం ఎలా ఉంది?" అన్నాడు ఏజెంటు.

"చేతులు దించకురా" అంది అత్తయ్య. "ఇంకా సగమే అయింది."